అంచుకు కూడా ఎక్కని రంగు

ఆసుపత్రి వెనక ల్యాబు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చూసే మైక్రోస్కోపు. ఇటు రంగు బట్టల వ్యాపారి, అటు ముప్పై ఏళ్లుగా అక్కడ స్లైడ్లకు రంగులు వేస్తున్న అతని బావమరిది.

“మల్లెపువ్వులా ఉందిరా. దీనికోసమా మధ్యాహ్నం పూట కొట్టు మూయించి రమ్మన్నావు?”

“తెల్లగా ఉంటే అంత సంతోషమా బావా?”

“మరకలేని సరుకు చూస్తే ఏ వ్యాపారికైనా సంతోషమే. మీ అక్క చీరలకన్నా శుభ్రంగా ఉంది.”

“ఈ మాట అక్కకి చెప్తాను.”

“చెప్పు. నీ సంగతులూ నా దగ్గర రెండు మూడున్నాయి.”

“ఇక్కడ లెక్క తిరగబడుతుంది బావా. మరక పడాలి. గోధుమరంగు రావాలి.”

“మరక కోరుకునే బేరం ఇప్పుడే వింటున్నాను.”

“ఇది ప్రోస్టేట్ ముక్క. క్యాన్సరని ముందే తేలింది. కణాలు ఇష్టమొచ్చినట్టు పెరగకుండా పట్టి ఉంచే ప్రోటీన్ ఒకటుంటుంది, పీటెన్ అంటారు. కాపలావాడనుకోండి. వాడున్నచోట మా మందు అంటుకుని గోధుమరంగు తేలుతుంది. తెల్లగా ఉందంటే...”

“కాపలావాడు జారుకున్నాడు.”

“ఆ.”

“జారుకుంటే?”

“జబ్బు ఇంకా చిన్నదే. వాడుంటే కత్తి అక్కర్లేదు, ఆరునెలలకోసారి చూసుకుంటే చాలన్నారు డాక్టరుగారు. లేకపోతే ఆపరేషనే. నాలుగింటికి మా ల్యాబు డాక్టరు మేడమ్ వచ్చి ఇది చూసి రిపోర్టు రాస్తారు.”

“డాక్టరు నీతో అన్నాడా?”

“పేషెంటుతో అన్నారు.”

“మరి నీకెలా తెలిసింది?”

“తెలిసిందిలెండి. బావా, వంద ఎరుపులు పక్కపక్కన పరిస్తే విడదీసి చెప్పే కన్ను మీది. సరిగ్గా చూడండి. లేతగా, ఎక్కడో ఒకచోట... ఛాయలాగా...”

“రంగుతో బేరమాడుతున్నావు.”

“ఊరికే అడిగాను.”

“లేదురా. లేని ఛాయ ఉందని అమ్మితే కొన్నవాడు మర్నాడు గుమ్మంలో ఉంటాడు.”

“సరే. ఇక లేవండి, టీ తాగుదాం.”

“ఉండు. పక్కన ఈ గుండ్రాలేమిటి?”

“అవి మంచి గ్రంథులు. జబ్బు సోకనివి.”

“వాటికి కాపలావాడుండాలా?”

“ఎప్పుడూ ఉంటాడు.”

“అవీ తెల్లగానే ఉన్నాయే.”

“ఉండండి, జరుపుతాను.”

“ఇంకా జరుపు. ఇక్కడా తెలుపే. అంచుకు కూడా ఎక్కలేదు.”

“నేను అటు చూడనేలేదు బావా. పొద్దుట్నుంచీ మధ్యలోనే చూస్తున్నాను.”

“బట్టలో లోపముంటే ఒకచోట ఎక్కదు. తానంతా ఎక్కలేదంటే తప్పు బట్టది కాదు, రంగులవాడిది. మేం నూలు ఉడకేసి గానీ రంగులో ముంచం. మీకలాంటిదేం లేదా?”

“ఉంది. స్లైడుని మందునీళ్లలో, కుక్కర్లో ఉడికించాలి.”

“ఉడికించావా?”

“ఉడికించే ఉంటాను.”

“ఉంటాను అంటే?”

“నీళ్లు పోశాను. అంతవరకు గుర్తుంది.”

“లేచి చూడు.”

“...పోసినవి పోసినట్టే ఉన్నాయి బావా. మూత కూడా పెట్టలేదు. సరిచూసుకోవడానికి పక్కన పెట్టే నమూనా స్లైడు, అదీ పెట్టలేదు.”

“భేష్. ముప్పై ఏళ్ల పనివాడివి. మా కొట్లో చేరమని అడిగాను ఒకప్పుడు. రాకపోవడమే మంచిదైంది.”

“నవ్వండి, నవ్వండి. ముక్క ఇంకా ఉంది, కొత్త పొర తీసి మళ్లీ వేస్తాను. రేపు చూడమని మేడమ్‌కి చెప్తాను.”

“మందు బాగాలేదనీ, కరెంటు పోయిందనీ చెప్పకు. ఉడికించడం మరిచానని చెప్పు.”

“అలాగే. బావా, ఈసారి గోధుమరంగు వస్తుందంటారా?”

“రావచ్చు, రాకపోవచ్చు. ఆరకుండా ఏ రంగుకీ నేను ధర కట్టను.”

“ఒక మంచిమాట చెప్తే మీ సొమ్మేం పోతుంది?”

“చెప్తాను. ముందు ఆ కుక్కరు ఇంకొకరి చేతికివ్వు.”

“ఎందుకు? ఇన్నేళ్లలో ఇదొక్కటే తప్పు.”

“అందుకే. ఊళ్లోవాళ్ల ముక్కలు వేలకు వేలు ఉడికించిన చెయ్యి, ఈ ఒక్కదాని దగ్గర మరిచిపోయింది. మొన్న మా ఇంట్లో అన్నం తింటూ మూడుసార్లు లేచి బాత్రూంకి వెళ్లావు. పోయిన నెల ట్రైనింగని రెండురోజులు మాయమయ్యావు. స్లైడు మీద పేరెవరిదని నేను అడిగానా? అడగను కూడా. ముక్కు తుడుచుకో.”

“అక్కకి చెప్పకండి బావా.”

“నేను చెప్పేదేముందిరా, నాకు చెప్పిందే తను. నీకు క్యారియర్ పట్టుకుని నాతోపాటే వచ్చింది, బయట బెంచీ మీద కూర్చుంది.”