ముద్దు దక్కని ఏడు

మే ఒకటో తారీఖు. ప్రాగ్‌లోని పెత్రీన్ కొండమీద, పూసిన చెర్రీచెట్ల కింద జంటలు ముద్దులకి వరసకట్టాయి. పక్కన బల్లమీద నల్లబట్టల్లో ఒకావిడ, ఆవిడ ఆడపడుచు.

"అన్నయ్య పోయి నెలైంది. నీ కంట ఒక్క చుక్క రాలేదు వదినా."

"రావట్లేదు మరి."

"లే. ఆ కొమ్మ కింద నేనే ముద్దు పెడతాను. ఇవాళ పూలకింద ముద్దు దక్కని ఆడది ఏడాదిలో ఎండిపోతుందంటారుగా."

"నిరుడు మీ అన్నయ్య ఇక్కడికే లాక్కొచ్చాడు. మోకాళ్ళ నొప్పులతో విసుగొచ్చి మొహం తిప్పేసుకున్నాను."

"అయినా నీకేమైంది? గుండ్రాయిలా ఉన్నావు!"

"అవును, నాకేం కాలేదు. క్రిస్మస్‌కల్లా పుల్లలా ఎండిపోయింది మీ అన్నయ్య."