తెరమీది మనిషికి వన్స్‌మోర్

విజయనగరంలో మాట్నీ వదిలేశారు. సాలూరు బస్సు కోసం నిలబడ్డ భార్యాభర్తల్లో ముందు ఆమే మాట్లాడింది.

"ఏటి, కళ్లు అలాగ ఎర్రబడిపోనాయి?"

"సినిమాల ఆ నాటకాలామె బతుకు సూసి ఏడుపొచ్చీసినాది. పెళ్లయ్యాక మొగుడు స్టేజీ మానిపించీసినాడు, సూసినావు కదా. పాపిష్టోడు."

"ఆకరి పాటకి నువ్వు వన్స్‌మోరని ఎట్టిన కేక ఆడోళ్ల బెంచీల కాడికి ఇనిపించినాది."

"నాటకాల అలవాటు. తెరమీది మనిషి మళ్లీ పాడదని మరిసిపోనాను."

"ఇంటర్వెల్లో సోడా కొట్టు కాడ ఒకాయన నన్ను ఆనవాలు పట్టినాడు."

"ఇప్పుడదంతా ఎందుకే?"

"'అమ్మా, పెళ్లికి ముందు రాణి ఏసం కట్టీవోరు కదా? మీ పద్యానికి మా ఊరంతా వన్స్‌మోర్ కొట్టినాం' అన్నాడు. దానికి నువ్వేటన్నావు?"

"సుట్టూ మనోళ్లే ఉన్నారు గదే."

"ఏటన్నావో సెప్పు."

"'పొరబడినావు బాబూ, మా ఇంటిదానికి పాటే రాదు' అనీసినాను."

"ఆయన తప్పు తనదేననుకొని, నాకు దణ్ణమెట్టి ఎల్లిపోనాడు."

"నువ్వైనా మాటాడనేదేటి?"

"మొగుడే అలాగంటే నానేటి మాటాడతాను?"

అతను ఆమెకు దగ్గరగా జరిగి గొంతు తగ్గించాడు.

"సిగ్గుతో సచ్చిపోతన్నానే. ఇంటికెల్లాక ఆ పద్యం ఒక్కసారి పాడవే, ఇంతాను."

"పాట రానిదాన్ని పాడమంతావేటి?"