గుంత పిక్చర్

పెట్టినవా? ఫోన్ల ఎర్రగ మెరుస్తున్నది, అంటే నా మాట ఎక్కుతున్నట్టేనా? ఆగు జర, గొంతు సవరించుకోనీ. భానూ, పట్నంల అజైబా కెల్లి ఈ సువైక్ తోట దాక కారు తోలుకుంట వచ్చినవు, ముందుగాల ఆ ఖర్జూరం తిను బిడ్డా. మా అర్బాబ్, అదే మా అరబ్బు సేటు, ఆయన తోటవే, కొన్నవి గావు. వీళ్ల నాయన దగ్గర పని చేసిన, ఇప్పుడు కొడుకు దగ్గర చేస్తున్న. చేసుడు ఏం లేదు, "బాబా, నువ్వు కూసోని చెట్లను చూస్తుండు చాలు" అంటడు. చెట్లేమన్న పారిపోతయా? సరే సరే, ముచ్చటకే వస్తున్న. మీ నాయినమ్మ, మా యాదవ్వ వదినె ఏమన్నదో మల్లొక్కసారి చెప్పు. ఆఁ. మీ తాత దేవదాసు లీవు మీద ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు గుంత పిక్చర్ సగం చెప్పిండు, మిగిలింది మల్లొచ్చినప్పుడు చెప్తన్నడు. మల్ల రాలే. పాపం, నలభై ఏండ్ల సంది సగం పిక్చరే ఉన్నది ఆమె దగ్గర. ఇప్పుడు కండ్లు కనబడతలేవు, చెవులున్నంతల ఆ మిగిలిన సగం నాతోని చెప్పించి, ఫోన్ల ఎక్కించి పంపమన్నది. గంతే గదా? చెప్తలే. గంగాప్రసాదు చెప్పకపోతే ఇంకెవ్వడున్నడు చెప్పేటోడు, అందరు పోయిరి.

నువ్వు ఇప్పుడు ఆఫీసు అంటున్నవు సూడు, అద్దాల బిల్డింగు, కింద కాఫీ దుకాణం. గక్కడక్కడనే మా క్యాంపు ఉండె. నువ్వు నవ్వకు, నేను సైటు చూసి చెప్తున్న. అప్పుడు అజైబా అంటే ఇసుక, ముండ్ల చెట్లు, మేకలు. క్యాంపు ఎన్క సిమెంటు స్టోరుండె, దాని గోడకు తెల్ల సున్నమేసిరి. శుక్రారం పొద్దుగూకంగనే దాని మీద పిక్చర్ పడేది. మా మేనేజరు ఇంగ్లీషాయన, ఆయనకు యాడికెల్లి వచ్చేటియో డబ్బాలు డబ్బాలు రీళ్లు. ఆయన దేశంల కారుల కూసోని పిక్చర్ చూస్తరట. అందుకని ఇక్కడ గూడ ఇంజనీర్లు కార్లు వరుసగ పెట్టుకొని, కాళ్లు చాపుకొని చూసేటోళ్లు. వాళ్ల ఎన్క ఫోర్మన్ల పికప్పులు. వాటెన్క మా టిప్పర్లు. టిప్పరు డబ్బాల ముప్పై మందిమి, దుప్పట్లు పరుచుకొని, పల్లీలు, ఉల్లిగడ్డ కోసుకొని. ఇప్పుడు మీరు మాల్ ల పోయి చూస్తరు గదా, ఆ చల్లటి దాంట్ల నాకు పిక్చరే అనిపియ్యది బిడ్డా, ఆస్పత్రికి పోయినట్టుంటది.

ఇగ ఆ పిక్చర్లు ఎట్లాంటివంటవు? అన్నీ భూతాలే. మంచి పిక్చర్లకు పైసలు వశపడవు గావచ్చు, అగ్గువవి తెచ్చేటోడు మేనేజరు. ఒకదాంట్ల ఇంతింత గుడ్లగూబ, దాని రెక్కకు కట్టిన దారం టిప్పరు డబ్బాల కూసున్న మాకే కనబడేది. ఒకదాంట్ల బల్లి, బల్లి అంటే నిజం బల్లే, ఆట కార్ల మీదికెల్లి పాకుతుంటే ఊరంత ఉరుకుతది. ఉరికేటోళ్లు గూడ వాళ్లే, గళ్లంగి ముసలోడు మూడుసార్లు అదే సందుల కెల్లి ఉరికిండు. మా డానిష్ అని పాకిస్తాన్ మేస్త్రి ఉండె, వాడు లెక్కవెట్టి, "అరే, ఏ బుడ్డా ఫిర్ ఆయా" అని, ముసలోడు మల్లొచ్చిండని, లేచి సలాం కొట్టేటోడు. భూతం తోలు ఇంటి మీద కప్పే తాటిపత్రి లెక్క ముడుతలు పడేది. ఎన్క జిప్పు. కాళ్లకు బూట్లు. అయినా బుగులు పడ్డం, నిజం చెప్తున్న. అంత పెద్ద గోడ మీద, ఎన్క సముద్రం గాలి, ముంగట ఆ భూతం మన దిక్కు వచ్చినట్టే ఉంటది. మీ ఫోన్ల ఏం కనబడ్తది, అగ్గిపెట్టెంత.

బుగులు పెట్టింది మాత్రం పిక్చర్ గాదు, మీ తాత. మాకు ఇంగ్లీషు రాదాయె. వచ్చినా ఇనబడది, ఉన్నది ఒక్కటే మైకు భోంగా, దానికి తోడు జనరేటరు లొల్లి. దేవదాసన్న టిప్పరు క్యాబిన్ మీదికెక్కి కూసునేటోడు. తువ్వాల నడుముకు బిగించి, సగం హిందీల, సగం మన మాటల, అందరి గొంతులు తనే చెప్పేటోడు. డాక్టరు మాట్లాడితే ముక్కుల కెల్లి. పోలీసు మాట్లాడితే మన మెట్‌పల్లి సీఐ లెక్క. భూతం వచ్చిందనుకో, గొంతు తగ్గించేటోడు. అందరు భూతమంటే అరుస్తది అనుకుంటరు, మీ తాత భూతం మెల్లగ మాట్లాడేది. ఒకపారి భూతం చేతికి గడియారం కనబడ్డది. వేషమేసినోడు తియ్యమర్సిండు గావచ్చు. మేమందరం పక్కున నవ్వబోయినం. మీ తాత ఏమన్నడో ఎర్కేనా? "డ్యూటీ టైం అయిందా అని చూసుకుంటున్నడు పాపం, ఓవర్ టైం ఇయ్యరు ఈడ." టిప్పరు కదిలిపోయింది నవ్వులకు, ముందట కార్ల కూసున్న ఇంజనీర్లు తలకాయలు బయట పెట్టి చూసిరి. జిప్పు సంగతి అడిగినం. "అది జిప్పు గాదురా, ఆపరేషన్ కుట్లు. వాని లోపలిది ఏదో తీస్కొని మల్ల కుట్టిరి" అన్నడు. ఇగ ఆనాటి సంది ఎవ్వనికీ జిప్పు కనబడలే, కుట్లే కనబడ్డయి.

ఈ గుంత పిక్చర్ అయితే నాలుగైదు నెలలకొకసారి తిరిగి తిరిగి వచ్చేది. పేరు మాకు తెల్వది, మేమే పెట్టుకున్నం. ఎడారిల నూనె కోసం బోరు ఏస్తరు. ఏసి ఏసి మస్తు లోతుకు పోతరు, అండ్లకెల్లి ఒకడు బయటికొస్తడు, గోనెసంచులు కుట్టినట్టు ఒళ్లంతా. వచ్చి జీపులు ఎత్తేస్తడు, డేరాలు పీకేస్తడు. అండ్ల ఒక పిల్ల ఉంటది, రాళ్లను చూసే డాక్టరు. ఆమె ఒక్కతే వానికి క్యానుతోని నీళ్లు పోస్తది. గక్కడిదాకనే మీ తాత యాదవ్వ వదినెకు చెప్పిండు గదా, నీళ్లు పోసిందాక? ఆఁ. ఆ తర్వాత వాణ్ని తుపాకులతోని కొట్టి కొట్టి, వాని గుంత కాడికే వాణ్ని తరుముతరు. వాడు లోపలికి దిగుతడు. దిగంగనే మీద సిమెంటు పోస్తరు. ఇగ మా మేస్త్రీల లొల్లి చూడాలె! "షటరింగ్ లేదు, ఏం లేదు, ఎట్ల నిలుస్తది?" అని ఒకడు. డానిష్, "పానీ జ్యాదా హై, ఏ మాల్ నహీ పకడేగా" అని, నీళ్లెక్కువైనయి, ఈ మాలు పట్టదని తిట్టుడు. గప్పుడు ఆ పిల్ల గుంత ఒడ్డుకొచ్చి నిలబడ్తది. లోపలికి వంగి ఒక్క మాట అంటది. ఒక్కటే. అయిపోయింది పిక్చర్.

ఆ మాట ఏందంటే... ఆగు. భానూ, ఆపు దాన్ని. ఆపు అంటున్న గదా. ఎర్రది పోయిందా? చూపెట్టు. ఆఁ.

మీ తాత ఏం చెప్పేటోడంటే, ఆ పిల్ల అంటదట, "పోయిరా అన్నా. కింద నీకు ఇల్లున్నది. మేమే మా ఇండ్లు ఇడిచిపెట్టి నీ ఇంటి మీదికొచ్చి పడ్డం." హిందీల ఒకసారి, మన దాంట్ల ఒకసారి. టిప్పరుల ముప్పై మంది తువ్వాలలతోని మొఖాలు తుడుచుకునేటోళ్లు, ఇసుక పడ్డది అనుకుంట. సమీయుల్లా అని టిప్పరు డ్రైవరు, ఆరడుగుల మనిషి, వాడు ఇంజను స్టార్ట్ చెయ్యకపోయేటోడు చానాసేపు. నేను సుత ఏడ్సిన. అబద్ధమెందుకు.

గప్పుడే నన్ను స్టోరుల హెల్పర్ గ పెట్టిరి. జేబుల పెన్ను. ఇంగ్లీషుల నాకు వచ్చినయి ముప్పై ముక్కలు, సిమెంటు, నెయిల్స్, గ్లోవ్స్, షావెల్. దానికే నెత్తికెక్కింది. వారమంతా "గంగాప్రసాద్ భాయ్, గ్లోవ్స్ ఇయ్యి, బూట్లు ఇయ్యి" అని నా ఎన్క తిరిగేటోళ్లు, శుక్రారం వస్తే నేనెవ్వనో తెల్వనట్టు ఆయన దిక్కే చూసేటోళ్లు. కుళ్లు బిడ్డా. ఇంకో పేరు లేదు దానికి. ఐదోసారి గుంత పిక్చర్ పడ్డది. మీ తాత ఆ పిల్ల మాట చెప్పిండు. నేను లేచి నిలబడ్డ. "ఝూట్ హై! అబద్ధం! ఆమె గట్ల అనలే. నాకు ఇంగ్లీషు వస్తది. పీడ వోయింది, జల్ది జల్ది సిమెంటు పొయ్యుండ్రి అన్నది" అని చెప్పిన. అందరు నా పెన్ను దిక్కు చూసిరి, మీ తాత దిక్కు చూసిరి. సమీయుల్లా అడిగిండు, "దేవదాస్ భాయ్, సచ్ బోల్, అంగ్రేజీ ఆతీ హై తేరేకో?" మీ తాత నడుముకున్న తువ్వాల ఇప్పి భుజానేసుకున్నడు. ఇంగ్లీషు రాదు గదా ఆయనకు. ఎవడో పక్కున నవ్విండు. ఒకడు రొట్టె ముక్క ఇసిరిండు. ఇగ ఆనాటి సంది "ఝూటా, ఝూటా" అని పిలుసుడు.

ఆమె ఏమన్నది అంటవా? నాకు ఎర్కలేదు భానూ. అప్పుడూ ఎర్కలేదు, ఇప్పటికీ ఎర్కలేదు. జనరేటరు సప్పుడుల ఒక్క అక్షరం ఇనబడలే నాకు. నేను సుత కల్పించి చెప్పిన. ఆయన పది మందికి సంబురమయ్యేటట్టు కల్పించిండు, నేను ఒక్కణ్ని కింద పడగొట్టెతందుకు కల్పించిన.

మల్లొచ్చే శుక్రారం ఆయన క్యాబిన్ ఎక్కలే. ఎక్కుమంటే, "ఇంగ్లీషు వచ్చినోడు ఉన్నడు గదా, వాణ్ని అడుగుండ్రి" అన్నడు, కోపంగ గూడ గాదు, మామూలుగనే. నన్ను ఎక్కించిరి. ఐదు నిమిషాలు గూడ చెప్పలేకపోయిన. దించేసిరి. ఆ రోజు గోడ మీద రబ్బరు తొడుక్కున్న మనిషి నడుస్తుండె, ఎన్క జిప్పు. అందరికి జిప్పే కనబడ్డది. రెండు మూడు వారాలకు టిప్పర్లు రావుడే బందయింది, రూముల పండుకునేటోళ్లు. ఎంత చల్లగ సచ్చిపోయిందో ఆ ముచ్చట. ఇప్పటికీ శుక్రారం పొద్దుగూకితే నాకు పాణం కొట్టుకుంటది, ఆ గొంతు ఒక్కసారి, ఒక్కటేసారి ఇంటే బాగుండు అనిపిస్తది. ఈ నలభై ఏండ్లల నేను ఎన్ని చూడలే, రంగులయి, పెద్దపెద్దయి. ఒక్కదానికి గూడ బుగులు పడలే.

గంతల నోటీసు పెట్టిరి, దూరం ఎడారిల పైపులైన్ సైటుంది, పోయేటోళ్లు పేరు ఇయ్యుండ్రి అని. ఎవ్వడు పోతడు? డేరాల పండుకోవాలె, నూరు కిలోమీటర్ల దాక మనిషి కనబడడు. మీ తాత ఒక్కడే పేరిచ్చిండు. స్టోరుకొచ్చిండు సామాను కోసం. నేనే ఇచ్చిన, గ్లోవ్స్, బూట్లు, నీళ్ల క్యాను. సంతకం పెట్టిండు. పెట్టి, జర ఆగి అడిగిండు, "తమ్మీ, ఆ పిల్ల నిజంగ గట్లనే అన్నదా?" అని. తిట్టలే బిడ్డా. నిజంగనే అడిగిండు, తెలుసుకుందామని. గప్పుడన్న చెప్పొద్దా నేను? ఎవ్వరు లేరు స్టోరుల, మేమిద్దరమే. "అవునన్నా, గట్లనే అన్నది" అన్న. తల ఊపి, క్యాను భుజానేసుకొని పోయిండు. ఆడికి పోయినంక రెండో ఎండాకాలం, పనిల ఉండంగ రొమ్ముల నొప్పి లేసింది. ఆస్పత్రికి తెచ్చేవరకే అయిపోయింది.

వదినె జాబు రాయించింది నాకు. "అందరితోని నవ్వుకుంట ఉన్నానని రాసేటోడు గద తమ్మీ, ఒక్కడే ఎడారికి ఎందుకు వోయిండు?" అని. కంపెనీ పంపింది వదినె అని రాసిన. నేను లీవుకు పోయినప్పుడల్ల మీ ఇంటికొచ్చేటోణ్ని, చిన్నప్పుడు నువ్వు నా మీద ఎక్కి ఆడుకున్నవు, యాదికుందో లేదో. పోయినప్పుడల్ల చాయ పోసి అడిగేది, "కంపెనీయే పంపిందా తమ్మీ?" నేను తల ఊపేటోణ్ని. నమ్మలే ఆమె. నమ్మితే అన్నిసార్లు ఎందుకు అడుగుతది?

నా దిక్కు గట్ల చూడకు. తిట్టాలనుంటే తిట్టు, నీకు హక్కున్నది. తిట్టవా? ఫోను నా దిక్కే జరుపుతున్నవా?... మీ తాత సుత గింతే, తిట్టలే.

సరే, పెట్టు మల్ల. పిక్చర్ చెప్త, ఆ పిల్ల మాట మీ తాత చెప్పినట్టే చెప్త, హిందీల ఒకసారి, మన దాంట్ల ఒకసారి. గని అది తర్వాత. ముందుగాల ఇంకోటి ఉన్నది. దగ్గర పెట్టు, గొంతు చిన్నగొస్తున్నది. ఎక్కుతున్నదా?

వదినె, నేను గంగాప్రసాదును. నువ్వు అడిగినవు గదా... అన్నను కంపెనీ పంపలే.