ఏసీ ముందు మీ తాత మొహం

“నాయనమ్మా, నువ్వు కారెక్కబోయే ముందు తాత ఎక్కి ఏసీకి మొహం ఆనించి కూర్చుంటాడేంటి?” అంటావా? ఓసి నీ, నువ్వూ కనిపెట్టావా! కూర్చో, ఆయన చొక్కా వేసుకునొచ్చేలోపు చెప్పేస్తా.

పోయినేడు, కాదు కాదు, అంతకుముందేడు, నా కుడికంటికి శుక్లం తీయించుకున్నా గదా, ఆ ఎండాకాలం. మన కారులో ఏసీ గాలి రావట్లా. బుర్రుమని చప్పుడే గానీ గాలి సున్నా. బాగుచేయిద్దాం అని మీ నాన్నంటే మీ తాత వింటేనా? “కల్లం పని కానీరా” అంటాడు. మిరపకాయలు కల్లంలో ఎండుతున్నన్నాళ్ళూ ఆయనకి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు.

అసలు మేం ఏసీలెరుగుదుమా? నా పెళ్ళైన కొత్తలో మాచర్ల బస్సులో తువ్వాలు తడిపి నెత్తినేసుకునేవాళ్ళం. బస్టాండులో నిమ్మసోడా పావలా. మా అక్కైతే సోడా కోసమే ప్రయాణం కట్టేది. ఆ... ఏం చెబుతున్నా? కన్ను.

నర్సరావుపేట ఆస్పత్రికి పొద్దున్నే అద్దాలు దించుకుని పోయాం. డాక్టరమ్మ ముందే చెప్పింది. “ఇంటికి పోయేటప్పుడు కంటికి దుమ్ము తగలకూడదు, గాలి కొట్టకూడదు, గట్టిగా తుమ్మకూడదు. అశ్రద్ధ చేస్తే కంటికే మోసం” అంది. ఆ ఎండలో అద్దాలు మూసుకుని, ఏసీ లేకుండా మాచర్ల దాకా ఎట్టా పోతాం చెప్పు?

ఇంక నన్ను లోపలికి పంపి, మీ మేనత్తని కాపలా పెట్టి, తండ్రీకొడుకులు కారేసుకుని మెకానిక్కు దగ్గరికి పోయారు. నేను కంటికి కట్టుతో బయటికొచ్చి చూస్తే మొగుడు లేడు. ఒళ్ళు మండింది నాకు. నా కన్ను కంటే కారెక్కువైందా ఈయనకి అని మీ అత్త మీద ఎగిరా.

అంతలో వచ్చాడు. ఏందే ఆ కళ్ళు! చింతనిప్పులు. బొటబొటా నీళ్ళు కారుతున్నాయి. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా కంట తడి పెట్టని మనిషి. నాకోసం ఇంత ఏడ్చాడా అని కరిగిపోయా తల్లీ. “ఊరుకోవయ్యా, నాకేం కాలేదు” అని చెయ్యి పట్టుకున్నా. ఆయనేమో తల అటు తిప్పుకుని గట్టిగా తుమ్మాడు.

కారెక్కాక మీ నాన్న నవ్వాపుకోలేక అసలు సంగతి చెప్పాడు. ఆ ఏడంతా మీ తాత బేరగాళ్ళకి చూపించడానికి మచ్చుకాయలు ముందు సీటు కాళ్ళ దగ్గర పోసుకుని తిరిగాడు గదా. మచ్చంటే తెల్సుగా, ఇదీ మా సరుకని చూపించే నాలుగు దోసిళ్ళ కాయలు. చెయ్యి ఊరుకుంటదా? దోవ పొడుగునా ఒక్కోటీ విరవడం, గింజ చూడడం, రంగు చూడడం. అద్దాలు మూసి, ఏసీ వేసుకుని మరీ! ఆ పొడంతా ఏసీ పీల్చుకుంది.

మెకానిక్కు ముందు సీటెదురుగా ఉండే డబ్బా ఊడదీసి ఫిల్టరు లాగాడంట. ఎర్రటి పొడి, గింజలు, తొడిమలతో సహా! షెడ్డులో వాళ్ళంతా తుమ్ములే తుమ్ములు, పక్కన టీకొట్టు కూడా ఖాళీ. “పెద్దాయనా, ఇది ఏసీయా, కారం మిల్లా?” అన్నాడంట మెకానిక్కు. మీ తాత సిగ్గుపడితేగా! ఆ పొడి వేలితో తీసి ఎండకి పట్టి, “చూశావురా, రంగు దిగలా” అన్నాడంట మీ నాన్నతో.

నవ్వకు, అసలుది ఇప్పుడు చెబుతున్నా. కొత్త ఫిల్టరేసి, లోపలంతా ఊది, కడిగి, అయిపోయిందన్నాడు మెకానిక్కు. మీ తాత నమ్మలా. ముందు సీట్లో కూర్చుని, గాలి మొత్తం పెట్టించి, రెప్పలు వేళ్ళతో విప్పి పట్టుకుని, కళ్ళు తీసుకెళ్ళి ఏసీకి ఆనించాడంట. భగ్గుమన్నాయి. దిగి నీళ్ళు కొట్టుకుని, మళ్ళీ కడగమన్నాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ మంట. “నాన్నా, నేను చూస్తా దిగు” అన్నాడంట మీ నాన్న. “నువ్వు కళ్ళు మూసేస్తావురా. మీ అమ్మకి కొత్త కన్ను” అన్నాడంట. మంట బొత్తిగా లేదనిపించాకే కారు ఆస్పత్రికి తెచ్చారు.

దోవంతా చల్లటి గాలి మొహానికి తగులుతుంటే కట్టు లోపల కన్ను తడిసింది. తడవకూడదంట గానీ, ఏం చేస్తాం.

ఆ రోజు ఆయన కళ్ళు నాకోసం ఏడ్చి ఎర్రబడలేదే. ఏడ్చినా నేనంత మురిసేదాన్ని కాదు.

మచ్చుకాయలు ఇప్పుడు డిక్కీలో, డబ్బాలో మూతపెట్టి తీసుకెళ్తున్నాడులే. ఆ అలవాటు మాత్రం పోలా. అదుగో, ఎక్కాడు చూడు, మొహం పెట్టాడు... నీ కంట్లో నలుసు పడకుండా ముందు తన కన్ను పెట్టేవాడు నీకూ దొరకాలి తల్లీ. పద పద, తుమ్మలేదు, ఎక్కుదాం.