పద్మప్రియ గారు ఆపిన సంతకం

ఈరోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు కరుణాకుమారి గారు, అదే మన కరుణ మాస్టర్, తన డాన్స్ స్కూలు ఫ్రాంచైజీ ఒప్పందాన్ని పొడిగిస్తూ సంతకం చేశారు. ఫ్రాంచైజీ ఇచ్చిన కంపెనీని నిలదీసే హక్కు మాత్రం వదులుకోలేదు. విలేకరిని కదా, వార్త ముందు చెప్పడం నా అలవాటు, అందుకే నమస్కారాలు వెనకబడ్డాయి. సభాధ్యక్షులు వెంకటేశ్వరరావు గారికి, పెద్దలకు, బిర్యానీ వాసన వైపు అప్పుడే తల తిప్పుతున్న మిత్రులకు, ఇవాళ్టితో వకీలు వృత్తి విరమిస్తున్న పద్మప్రియ గారికి నమస్కారం. (నవ్వులు)

మన ఫిల్మ్‌నగర్‌లో ఏది మొదలైనా, టీకొట్టయినా సరే, కెమెరా, క్లాపు ఉండాల్సిందే. పోయిన నెల కృష్ణానగర్‌లో కరుణ మాస్టర్ స్కూల్లో కంపెనీ మేనేజర్ సుహాస్ గారు పొడిగింపు వేడుకను అలాగే ఏర్పాటు చేశారు. పాస్టర్ గారి ప్రార్థన అయింది, కెమెరా తిరుగుతోంది, సంతకమే మొదటి షాట్. అంతమంది చూస్తుండగా కాగితం చదువుతూ కూర్చోవడానికి ఎవరికైనా మొహమాటమే. అతిథిగా వచ్చిన పద్మప్రియ గారికి ఆ మొహమాటం లేదు. వెళ్లి చదివారు.

"కట్!"

"మేడమ్, కట్ చెప్పాల్సింది డైరెక్టరండీ," అన్నారు సుహాస్ గారు.

"జర ఆగు నాయనా. కరుణా, గీ పేరా చదివినవా?"

"అందరికీ ఇదే ఫార్మాట్ అన్నారక్కా."

"అందరి పక్క గల్లీల రెండో స్కూల్ పెట్టిండ్రా మరి?"

సంగతి అదే. కృష్ణానగర్‌లో మరో శాఖ పెట్టబోమని రాసిచ్చిన కంపెనీ, నిరుడు పక్క వీధిలోనే ఇంకొకరికి ఇచ్చింది. మాస్టర్ దగ్గరి పిల్లల్లో సగంమంది అటు వెళ్లారు. ఆ పేరాను జనరల్ రిలీజ్ అంటారు. ఇప్పటిదాకా కంపెనీ వల్ల జరిగిన నష్టం, తెలిసిందైనా తెలియనిదైనా, ఇక అడగనని రాసివ్వడం. కెమెరా ముందు ఆ సంతకం పడి ఉంటే పక్క వీధి స్కూలు గురించి మాస్టర్ ఇక నోరెత్తడానికి ఉండేది కాదు.

సుహాస్ గారూ, మీరు స్తంభం వెనక కూర్చున్నా కనిపిస్తున్నారు. (నవ్వులు) పొడిగింపు వేళ ఈ షరతు చాలా కంపెనీలు అడుగుతాయి. అడగడం నేరం కాదు, చదవకుండా ఇవ్వడమే ప్రమాదం. పైగా ఆ రోజే హెడ్డాఫీసుకు ఫోన్ చేసి, "సార్, ఇక్కడ షాట్ ఆగిపోయిందండీ, పేరా మార్చాలి," అన్నది మీరే. మారిన పేరా ప్రకారం పాత లెక్కలు ఇరుపక్షాలూ వదులుకున్నాయి, రెండో శాఖ ఫిర్యాదు తప్ప.

పద్మప్రియ గారూ, ఒప్పందాల మీద నేను రాసిన ప్రతి వార్తా మీకు చదివి వినిపించాకే డెస్కుకు పంపాను. "గీ మాటకు సాక్ష్యమేది?" అని మీరు అడగని రోజు లేదు. రేపటి నుంచి ఎవరికి వినిపించాలో నాకు తెలియడం లేదు. ఈ మాటకు సాక్ష్యం అడగకండి.

నన్ను మాట్లాడమన్న నిర్వాహకులకు, ఆకలి మీద ఓపిగ్గా విన్న మీకు కృతజ్ఞతలు. రెండో శాఖ వివాదం మీద గురువారం ఉదయం పదకొండింటికి జూబ్లీహిల్స్‌లో మధ్యవర్తి ముందు ఇరుపక్షాలూ కూర్చుంటాయి. మాస్టర్ తరఫున వాదించేది పద్మప్రియ గారి జూనియర్ స్ఫూర్తి. అది ఆమెకు సొంతంగా మొదటి కేసు. నేను పెన్ను పట్టుకుని వెళ్తున్నాను. సెలవు.