పోశం ఆపిన జీపు

“ముందుగాల తాళం సంగతి చెప్త, వినుండ్రి,” అన్నాడు పోశం, చాయ సాసర్లో పోసుకుంటూ.

గోదావరిఖనిలో ఫస్టు షిఫ్టు దిగినవాళ్ళంతా సమ్మవ్వ హోటల్ బల్లల మీద చేరే వేళ అది. పోశం నోరు విప్పాడంటే చాయ చల్లారినా ఎవరూ లేవరు. ఆ రోజు నజీర్‌కు మాత్రం లేచి పోవాలనే ఉంది, మూలన కూచున్న మనిషిని చూసినప్పటి నుంచి.

ఎవరో కొత్త మనిషి. తెల్ల చొక్కా, ఒళ్ళో చేతిసంచి. ఎండకు ఆగినట్టు కూచున్నాడు గాని చాయ ముట్టడం లేదు. వింటున్నాడు.

నజీర్ స్కూటర్లు బాగుచేస్తాడు. వాడకట్టులో మూతపడ్డ యువజన సంఘాన్ని మళ్ళీ తెరవాలని తిరుగుతున్నది అతనే. ఒకప్పుడు ఆ సంఘం పిల్లలు ఎండాకాలం చలివేంద్రం పెట్టేవాళ్ళు, బొగ్గు బాయిలో దెబ్బ తగిలినవాళ్ళకు దవాఖానకు పోయి రక్తం ఇచ్చేవాళ్ళు. కాని పదిమంది వయసు పిల్లలు ఒకచోట కూచుంటే పోలీసులకు అడవిలోని అన్నలు గుర్తొచ్చే రోజులవి. అన్నలకేమో ఇన్‌ఫార్మర్లు గుర్తొచ్చేవాళ్ళు. సంఘం అధ్యక్షుడు రాజాన్ని ఒక పొద్దున పోలీసులు జీపెక్కించుకుని పోయారు. తిరిగొచ్చాక అతను కుంటుతూనే ఉన్నాడు. సంఘానికి తాళం పడింది. ఆ రాజం ఈ సమ్మవ్వ కొడుకే.

మొన్న బాయిలో పైకప్పు విరిగి మీద పడ్డ ఒకతను, సమయానికి రక్తం దొరకక ప్రాణం విడిచాడు. అప్పుడు ఆగలేకపోయాడు నజీర్. ఎవరినడిగినా తల అడ్డంగా ఊపారు. పోశం ఒక్కడే “నేనస్త తమ్మీ” అన్నాడు.

ఆ పోశమే ఇప్పుడు చెయ్యి గాల్లో తిప్పుతున్నాడు.

“తుప్పు వట్టిన తాళం. సుత్తె తెస్తనన్నడు నజీరు. ఎందుకుర అన్న. గిట్ల రెండు వేళ్ళతోని తిప్పిన. మురుకు ఇరిగినట్టు ఇరిగింది. అంతల జీపచ్చింది! ఎస్సై దిగిండు. ‘ఎవడ్రా సంఘం తెరిసింది?’ అన్నడు. నేనే అన్న. ‘ఎక్కు బండి’ అన్నడు. ఎక్కనన్న. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?”

“ఏమైందే?” అన్నాడు ముసలి ఆగయ్య, బీడీ ఆర్పుకుంటూ.

“బానెట్ మీద ఒక్క చెయ్యి వెట్టి నిలవడ్డ. డ్రైవరు తొక్కుతనే ఉన్నడు, సక్రాలు గిర్రగిర్ర తిరుగుతనే ఉన్నయి, దుమ్ము రామగుండం టేషన్ దాక లేసింది. బండి జానెడు కదల్లే!”

“బొగ్గు లారీ అయితే ఏం జేద్దువో!”

“లారీ అయితే రెండు చేతులు వెడుదును కాకా.”

హోటలంతా ఘొల్లుమంది. మూలనున్న మనిషి పెదవి మాత్రం కదల్లేదు. సంచి సర్దుకుని ఒక బల్ల ముందుకు జరిగాడు. నజీర్ బల్ల కింద నుంచి పోశం కాలు తొక్కాడు. పోశం కాలు సర్దుకున్నాడు గాని మాట సర్దుకోలేదు.

“ఈ ముచ్చట అడివిల తెలిసింది. తెలువదా మరి! దళానికి దళమే దిగింది. ఇటు ఎస్సై, అటు కమాండరు. ఇద్దర్నీ ఒక్క బెంచి మీద కూసోవెట్టి క్యారమ్స్ ఆడిపిచ్చిన. ఆటల తుపాకులేందయ్యా, ఇటియ్యుండ్రి అన్న. ఇచ్చిన్రు. పోయేటప్పుడు మర్సిపోయిన్రు! ఇప్పటికీ సంఘం అటక మీదనే ఉన్నయి.”

ఆగయ్య నవ్వు సగంలో ఆగింది. రాజాన్ని తీసుకుపోయినప్పుడు ఇంతకన్నా చిన్న మాటకే తీసుకుపోయారు.

“మెంబర్లెందరైన్రు అన్నా?” మెత్తగా అడిగాడు కొత్త మనిషి.

“మొన్న నలభై. నిన్న నాలుగొందలు. ఇయ్యాల ఈలేస్తే జ్యోతినగర్ నుంచి నస్పూర్ దాక నాలుగువేల మంది లేస్తరు!”

“అండ్ల ముఖ్యమైనోళ్ళ పేర్లు ఒక నాలుగు చెప్పరాదు.”

సమ్మవ్వ చేతిలో చాయ వడపోసే గుడ్డ అలాగే ఆగిపోయింది. పోశం ఊపిరి పీల్చుకున్నాడు. అడిగినదానికి జవాబు లేదనడం అతనికి పుట్టుకతో రాలేదు. పేర్లు కావాలంటే వాడకట్టు పిల్లలవే చెప్తాడు. వేరే పేర్లు అతనికి మాత్రం ఎక్కడివి?

ఎవరికీ చెప్పనని పోశానికి ఇచ్చిన మాట ఒకటుంది నజీర్‌కు. అది తప్పాడు.

“ఈయన మాటలు నమ్మకన్నా. అది పోలీసు జీపు గాదు, దోమలకు పొగ కొట్టే బండి. పొగ జూసి కాల్పులైతున్నయని ఉరికిండు. మా అమ్మ జన్నత్ బీ వంటకని నీళ్ళ డ్రమ్ము మూత తీస్తే, లోపల ఈయన తలకాయ! తాళం కిర్సనాయిలు వోసి నేను తీసిన. అటక మీద ఉన్నయి చలివేంద్రం కుండలు. మెంబర్లు ఇద్దరమే. నజీర్ అంటే నేను, పోశం అంటే ఈయన. దవాఖానల రక్తమిచ్చుడు తప్ప మాకు వేరే పని లేదు.”

ఎవరూ నవ్వలేదు. పోశం మొహం నల్లబడింది. పెళ్ళాం దగ్గర కూడా ఒప్పుకోని మాట అది. లేవబోయాడు. లేస్తూ సమ్మవ్వ మొహం చూశాడు. ఆమె ఆ కొత్త మనిషినే చూస్తోంది. కొడుకును తీసుకుపోయిన పొద్దున ఎట్లా ఉందో అట్లాగే ఉంది ఆమె మొహం.

పోశం మళ్ళీ కూచున్నాడు.

“నిజమే అన్నా,” అన్నాడు. “పొగ పోయినంక గూడ బయటికి రాలె నేను. జన్నత్ బీ గుంజితే ఆమె కొంగు వట్టుకొని ఏడ్సిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? డ్రమ్ము నీళ్ళన్నీ పారవోసుకున్నరు. ఎందుకని మాత్రం అడగకు!”

కొత్త మనిషి అప్పుడు నవ్వాడు. భుజాలు కదిలేదాకా నవ్వి, సంచి భుజానికి తగిలించుకుని, ఎండలోకి దిగి వెళ్ళిపోయాడు. అతను మూల మలుపు తిరిగేదాకా ఒక్కరూ గ్లాసు ఎత్తలేదు.

“ఎవల మనిషే?” అన్నాడు పోశం. సాసర్ బల్ల మీద పెట్టి నజీర్ వైపు తిరిగాడు.

“తెల్వది.”

సమ్మవ్వ ఇద్దరి ముందూ వేడి చాయ పెట్టింది. “ఆయితారం రక్తమియ్య దవాఖానకు పోవుడు ఉన్నదా, లేదా?”

నజీర్ పోశం వైపు చూశాడు. ఇప్పుడు పోశం కాదంటే, మళ్ళీ అడగడానికి మాట తప్పిన తనకు మొహం లేదు.

“అస్త,” అన్నాడు పోశం. “గని నాకు భయమైతున్నది తమ్మీ,” అన్నాడు.

“నాకు గూడ,” అన్నాడు నజీర్. “పరిగడుపున రాకు అన్నా. రక్తమిచ్చినంక కండ్లు తిరుగుతయి.”