మీరు లేని ఓడ

మధ్యాహ్నం మూడయింది. ఆమె ఇంట్లో, బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మిషన్ ముందు కూర్చుని, గుడ్డల మీద రెండు విహార ఓడల రంగు కాగితాలు పరుచుకుంది. పక్కనే స్టూలు మీద ఫోను, స్పీకరులో. అవతల ఆమె భర్త. ఆ రెండు ఓడల్లో ఒకదాని అడుగున, దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే గదిలో, పని మధ్య దొరికిన అరగంటలో మాట్లాడుతున్నాడు.

“అది కాదు, చిన్న ఓడే మేలంటున్నాను. విను ముందు.”

“వింటూనే ఉన్నానండీ. పది రోజుల్నించీ వింటున్నాను. చిన్న ఓడ, చిన్న ఓడ. ఎందుకో ఒక్క ముక్క చెప్పరు.”

“చెప్పానుగా. పెద్దదాంట్లో జనం. మూడువేల మంది. భోజనానికి లైను, లిఫ్టుకి లైను. పసిదాన్ని చంకనేసుకుని ఎక్కడ నిలబడతావు?”

“పసిదేంటండీ, దానికి ఐదున్నర. లైన్లో నిలబడ్డం నాకంటే దానికే బాగా వచ్చు. బళ్లో రోజూ అదేగా నేర్పిస్తున్నది.”

“తప్పిపోతే?”

“ఓడలో తప్పిపోయి ఎక్కడికి పోతుంది? చుట్టూ నీళ్లు.”

“అదే నేననేది. చుట్టూ నీళ్లు.”

“చిన్న ఓడ చుట్టూ ఏముంటాయి, చేలా?”

“నీతో మాట్లాడలేం. అది ఏది? వింటోందా?”

“లోపల నిద్రపోతోంది. ఇవాళ ఒంటిపూట బడి. సరే గానీ, ఈ కాగితాల్లో ఉన్నది చదువుతాను, మీరే చెప్పండి. పెద్ద ఓడ. పిల్లలకి మూడు ఈతకొలనులు, జారుడుబల్ల, బొమ్మల గది, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఆయాలు. చిన్న ఓడ. పుస్తకాల గది, పేకాట బల్లలు, మోకాళ్ల నొప్పులకి ఆవిరి స్నానం. ఇది ముసలాళ్ల ఓడండీ. దీన్నా మీరు ఐదేళ్ల పిల్లకి చెబుతున్నది?”

“ప్రశాంతంగా ఉంటుందని.”

“దానికా, ప్రశాంతతా? అది పది నిమిషాలు నోరు మెదపకపోతే ఒళ్లు వెచ్చబడిందేమోనని నుదురు పట్టి చూస్తాను నేను.”

“పెద్ద ఓడ ఊగుతుంది. కడుపులో తిప్పుతుంది దానికి.”

“పెద్దది ఊగుతుందా, చిన్నది ఊగుతుందా?”

“రెండూ ఊగుతాయి. చిన్నది ఒడ్డు వెంబడే పోతుంది. లోపలికి పోదు.”

“మా ఓడలో గ్లాసులో నీళ్లు కూడా కదలవని మీరేగా అన్నారు. మీ అమ్మతో కూడా అన్నారు. ఆవిడ వీధి చివరి దాకా చెప్పుకొచ్చింది.”

“అప్పుడు సముద్రం బాగుంది.”

“ఇప్పుడేమొచ్చింది సముద్రానికి?”

“అబ్బా. నువ్వు లాయరువి కావలసింది.”

“కాలేదు కదా, మిషను తొక్కుకుంటున్నాను. వదిలేయండి. పనిలో ఐదేళ్లు నిండినవాళ్ల పెళ్లాంబిడ్డల్ని కంపెనీవాళ్లు వారం రోజులు ఊరికే తిప్పుతారని నాతో చెప్పింది ఎవరు? మీరే. మా ఓడెక్కించి, నేను ఉతికిన దుప్పట్ల మీదే మిమ్మల్ని పడుకోబెడతానన్నారు. అన్నారా, లేదా?”

“అన్నాను.”

“మరి ఇప్పుడు మీరు లేని ఓడెక్కి మేమేం చూడాలి? నీళ్లా?”

“నేనున్నా మీతో తిరగలేనే. పన్నెండు గంటలు ఇక్కడే, అడుగున. మీరు పైన, నేను కింద. ఉన్నా లేనట్టే.”

“కుటుంబం వచ్చినవాళ్లకి రోజుకి నాలుగు గంటలు సెలవిస్తారు. ఈ కాగితం వెనకే రాసుంది. చదవనా?”

“వద్దు.”

“చదువుతాను.”

“వద్దన్నానా. తెలుసు నాకు.”

“తెలిసే అలా చెప్పారా?”

“ఆగు. మిషను ఆగింది. దుప్పట్లు తీయాలి.”

“తీయండి. నేనెక్కడికీ పోను.”

“తీశాను.”

“అప్పుడే?”

“పక్కవాడు తీశాడు.”

“చూశారా, అబద్ధం చెప్పడం కూడా చేతకాదు మీకు. ఐదింటికి ఇక్కడి కంపెనీ ఆఫీసు మూసేస్తారండీ. ఇవాళే ఆఖరు. కాగితంలో ఏదో ఒక ఓడ మీద గుర్తు పెట్టి ఇవ్వాలి, వాళ్లు మీకు ఫోన్ చేసి అడిగితే మీరు సరేననాలి. ఇవాళ పోయిందంటే మళ్లీ ఐదేళ్లు. అప్పటికి దానికి పదేళ్లు దాటతాయి. మీరెవరని అడుగుతుంది.”

“అలా అనకు.”

“అనక? మొన్న బళ్లో నాన్న బొమ్మ వేసుకురమ్మంటే ఇది ఫోను బొమ్మ వేసుకెళ్లింది. నల్లటి పెట్టె, దాని మధ్యలో నోరు. టీచరమ్మ నన్ను పక్కకి పిలిచి, మీవారు ఉన్నారా అండీ అని అడిగింది, మెల్లగా.”

“ఏం చెప్పావు?”

“ఉన్నారండీ, వినపడతారు అన్నాను.”

“వినపడతారనా?”

“నవ్వొచ్చే మాటే. నాకు రాలేదు.”

“నాకూ రాలేదు.”

“ఎనిమిది నెలలైంది మీ మొహం చూసి. కెమెరా పాడైందన్నారు, సరే. కొత్త ఫోను కొన్నారు. దానికీ కెమెరా పాడేనా?”

“అడుగున సిగ్నల్ అందదే.”

“మాట అందుతుంది, మొహం అందదా?”

“నీకు తెలీదు, ఇక్కడ అంతా ఇనుము.”

“రెండేళ్ల నాడు ఇంటికొచ్చి వెళ్లారు. ఈమధ్య ఆ కాంట్రాక్టు అయిపోయింది, వస్తారనుకున్నాం. పిల్ల గుమ్మంలో చెప్పులేసుకుని కూర్చుంది. మీరు మళ్లీ సంతకం పెట్టేశారు, ఒక్కమాట అడక్కుండా. మీరు రారు. మేం వస్తామంటే వేరే ఓడెక్కమంటారు. అడుగుతున్నాను, చెప్పేయండి. ఎవతైనా ఉందా అక్కడ?”

“ఏం మాటలవి.”

“మా అక్క అంటోంది. మీ అమ్మ అనలేక లేచి వంటింట్లోకి వెళ్లిపోతోంది.”

“ఎవరూ లేరు. పిల్ల మీద ఒట్టు. ఎవరూ లేరు.”

“ఎవరూ లేకపోతే మరేముంది?”

“ఉంది. ఒకటుంది. ఎలా చెప్పాలో... నువ్వు కూర్చున్నావా?”

“కూర్చునే ఉన్నాను.”

“దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలరు ఉంటుందని చెప్పాను చూడు. దానికి ఆవిరి గొట్టం ఉంటుంది. పోయిన చలికాలంలో అది ఊడింది. నేను వంగి ఉన్నాను. ఎడంవైపంతా...”

“చెప్పండి.”

“చెంప. చెవి. కన్ను కనపడుతుందిలే, కంగారు పడకు. రెప్ప పూర్తిగా మూతపడదు, అంతే. పెదవి ఒక పక్కకి లాగేసింది. నొప్పి లేదిప్పుడు. ఓడలో డాక్టరు బాగానే చూశాడు, ఒడ్డున ఆస్పత్రిలో కూడా ఉంచారు. నీతో జ్వరమని చెప్పాను చూడు, ఆ మూడు వారాలు. వింటున్నావా?”

“వింటున్నాను.”

“ఏడుస్తున్నావా?”

“లేదు. ఇరవై రోజుల కిందట ఏడ్చాను.”

“ఏంటి?”

“నాకు తెలుసండీ. మీ గదిలో పక్క మంచం ఆయన, ఆ జుట్టు కటింగ్ చేసే అన్నయ్య, ఆయన్ని పీక్కుతిన్నాను. మావారికి ఏమైందో చెప్పు అన్నయ్యా అని రోజూ మెసేజ్ పెట్టాను. చివరికి ఒక ఫొటో పంపాడు. పంపి, చెల్లెమ్మా, వాడికి తెలిస్తే నన్ను బతకనివ్వడు అన్నాడు.”

“బతకనివ్వను.”

“ఆయన్నేమీ అనకండి. ఆయన పంపకపోతే నేను పిచ్చిదాన్నయ్యేదాన్ని.”

“తెలిసే పది రోజులుగా నాకు ఈతకొలనులూ జారుడుబల్లలూ చదివి వినిపిస్తున్నావా?”

“మీ నోటి నుంచి వినాలని. ఇవాళ చెబుతారు, రేపు చెబుతారు అనుకున్నాను. మీరేమో పుస్తకాల గది బాగుంటుందంటారు. అందుకే ఆ పాడు మాట కూడా అడిగాను. అలా అంటేనైనా నోరు విప్పుతారని.”

“ఫొటో... చూశావా బాగా?”

“చూశాను.”

“ఏమనిపించింది?”

“చిక్కిపోయారనిపించింది.”

“అది కాదు నేనడిగింది.”

“నేను చెప్పేది అదే. మనిషి సగమయ్యారు. ఎవరితో చెప్పుకోకుండా అంత నొప్పి ఎలా పడ్డారా అనిపించింది. ఇంకేమీ అనిపించలేదు. ఇప్పుడు పెద్ద ఓడ మీద గుర్తు పెట్టనా?”

“వద్దు.”

“ఇంకా వద్దేంటండీ?”

“నువ్వు చూస్తే ఫర్వాలేదు. ఇప్పుడు నీ గొంతు విన్నాక ఫర్వాలేదనిపిస్తోంది. అది చూడకూడదు.”

“అది మీ కూతురు.”

“అందుకే. నీకొకటి చెబుతాను, మధ్యలో మాట్లాడకు. కట్లు విప్పిన కొత్తల్లో పైకి వెళ్లాను, పిల్లల ఈతకొలను దగ్గర తువ్వాళ్లు పెట్టి రావాలని. ఒక పాప ఉంది. మన దాని ఈడే. పసుపు టోపీ. నీళ్లలోంచి లేచి తువ్వాలు కోసం చెయ్యి చాపింది. నవ్వుతూ చాపింది. నా మొహం చూసి అరిచింది. ఎంత అరిచిందంటే ఆయాలు పరిగెత్తుకొచ్చారు. దానికి దెబ్బేమైనా తగిలిందేమో అనుకున్నారు. వాళ్ల నాన్న వచ్చి నాకు సారీ చెప్పాడు. పాపం, మంచివాడు. ఆయన సారీ చెబుతుంటే, ఆయన భుజం మీద మొహం దాచుకుని అది ఇంకా వణుకుతోంది. ఆ రోజు నుంచి నేను పైకి పోలేదు. వెనక మెట్ల మీదే నడుస్తున్నాను. ఎవరూ పోవద్దనలేదు. నేనే.”

“ఆ పిల్లకి మీరెవరో తెలీదండీ.”

“మన దానికి తెలుసా? మూడేళ్లప్పుడు ఎదురుగా చూసింది నన్ను. ఈ ఎనిమిది నెలలుగా దానికి నేను గొంతునే. రోజూ సాయంత్రం ఆ గొంతుతోనే కబుర్లు చెబుతుంది, ముద్దులు పెడుతుంది. అదే నోటితో నన్ను చూసి అలా అరిచిందనుకో... నేను రైలింగు దగ్గర నిలబడి ఉంటానే. నా మీద నాకు నమ్మకం లేదు.”

“అలాంటి మాటలు అనొద్దు. వినలేను.”

“అందుకే చిన్న ఓడ. నా మాట విను. నీకు దండం పెడతాను.”

“దానికి నెమ్మదిగా చెబుదాం. నేను చెబుతాను.”

“చెప్పొద్దు. చెప్పనని మాటివ్వు.”

“ఎన్నాళ్లు దాక్కుంటారు? దాని పెళ్లిదాకానా?”

“ఇంకో ఆపరేషన్ అంటున్నాడు డాక్టరు. కొంచెం బాగవుతుందట. అప్పుడు చూద్దాం. ఇప్పుడు చిన్న ఓడెక్కించు. ఆడించు, తిప్పు. ఐదో రోజు పొద్దున రెండు ఓడలూ ఒకే రేవులో ఆగుతాయి. మీరు దిగి నడిచి వెళతారు. నేను ఇక్కడ, సరుకు దించే తలుపు పక్కన నిలబడతాను. ఎరుపు గౌను వెయ్యి దానికి. ఎంత దూరమైనా నాకు కనపడుతుంది.”

“అన్నీ లెక్క చూసుకునే చెబుతున్నారన్నమాట చిన్న ఓడ అని.”

“పది రోజులుగా ఇదే పని నాకు. మ్యాపు ముందేసుకుని.”

“మీరు దూరం నుంచి చూసి వెళ్లిపోతారు. దానికేం మిగులుతుంది?”

“గొంతు. ఇప్పుడున్నదే. ఇది కూడా పోకుండా ఉంటే చాలు నాకు. పెన్ను తీసుకో. కాళ్లు పట్టుకుంటాను, తీసుకో.”

“తీసుకున్నాను.”

“పెట్టావా?”

“లేదండీ. మూత తీశాను, అంతే.”

“పెట్టేయ్. నాకు టైమైపోతోంది, పిలుస్తున్నారు. పెట్టావా?”

“అమ్మా, ఫోనివ్వు.”

“నువ్వెప్పుడు లేచావే?”

“ఇందాకే. గుడ్డల మూట మీద కూర్చున్నా. ఫోనివ్వు.”

“దానికివ్వకు. నేను ఫోను పెట్టేస్తున్నాను.”

“నాన్నా, పెట్టేయకు. పెద్ద ఓడలో జారుడుబల్ల ఉందంట కదా?”

“ఉంది తల్లీ.”

“నువ్వు కూడా అందులోనే ఉన్నావంట.”

“ఉన్నాను. కానీ బంగారం... నాన్నకి దెబ్బ తగిలింది. మొహం మునుపటిలా లేదు. చూస్తే నీకు భయమేస్తుంది.”

“తెలుసు. అమ్మ ఫోన్లో చూశా.”

“ఎప్పుడు చూశావే? నేను నీకు చూపించలేదే.”

“నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు. మొదటిరోజు భయమేసి ఫోను దిండు కింద పెట్టేశా. తర్వాత రోజుకి కొంచెం చూశా నాన్నా, మిగతాది చేత్తో మూసేసి. ఒకరోజు చెవి, ఒకరోజు చెంప. కన్ను నిన్న చూశా. భయం అయిపోయింది.”